భూతం పలికిన నాలుగు నిమిషాలు

థానా ఇన్‌చార్జి ఇచ్చిన గడువు మధ్యాహ్నం రెండు గంటలకు ముగుస్తుంది. కొర్కనార్ రైల్వే కాలనీ క్లబ్బు వెనుక ఇనుప మెట్లెక్కి ప్రొజెక్టరు గది ముందు నిలిచేసరికి ప్రైవేటు పరిశోధకురాలు హెప్సిబా చేతి గడియారంలో పదకొండు యాభై అయింది. ఆమె వెనుక, దొంగతనం నింద పడ్డ మాసే. మాసే వెనుక యూనిఫారంలో కానిస్టేబుల్ పూనం. మాసేను మూడడుగులకు మించి దూరం పోనీయరాదన్నది థానాలో రాసుకున్న షరతు.

"రెండు దాటితే నా చేతుల్ల ఏం ఉండదు దీదీ," అంది పూనం. "సాబ్ కాగజ్ తయారు చేసి పెట్టిండు. దస్తఖత్ ఒక్కటే తక్కువ."

రెండు దాటితే మాసే మీద దొంగతనం కేసు నమోదవుతుంది, సాయంత్రానికి ఆమెను జగదల్‌పూర్ జైలుకు తరలిస్తారు. ఆశ్రమ పాఠశాలలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. జైలు గుమ్మం తొక్కిన పంతులమ్మకు అక్కడ మర్నాడు కుర్చీ ఉండదు.

పోయిన వస్తువు ఒక సినిమా రీలు. 'మొసలిమామ మూడో కన్ను' చిత్రం 1993 వానాకాలంలో ఉసూర్ పరిసరాల్లో తీయబడి, మరుసటి సంవత్సరం విడుదలై, వారం తిరగకుండానే వెళ్లిపోయింది. మాట్లాడే మొసలి, దాని పోయిన కన్ను వెతకడానికి పాతాళానికి దిగిన రాజకుమారుడు, అతని వెంట బొబ్బట్టు అనే వంటవాడు, కథ అంతే. పదేళ్ల తర్వాత దాన్ని టీవీలో చూసినవాళ్లు నవ్వారు, మరో పదేళ్లకు అందులోని మాటలు కళాశాలల్లో ఊతపదాలయ్యాయి. ఇప్పుడు దానికి అభిమాన సంఘాలున్నాయి. అన్ని ప్రింట్లలోనూ ఏడో రీలులో నాలుగు నిమిషాలు లేవు. నిడివి ఎక్కువైందని నిర్మాత అప్పయ్య అప్పట్లోనే కత్తిరించాడు. కత్తెర పడని ప్రింటు ఒక్కటే మిగిలింది. ఒక చందా ప్రదర్శన కోసం కొర్కనార్ వచ్చి, పంపిణీదారు దివాలా తీయడంతో అది ఇక్కడే ఉండిపోయింది. నిన్న ఆ ప్రింటులోంచి ఏడో రీలు మాయమైంది.

తలుపు తీసిన జయరావుకు డెబ్బై నాలుగేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ గదిలో ఆపరేటరుగా పనిచేసి, విరమణ తర్వాత కూడా తాళంచెవి వదలని మనిషి.

"రామ్మా హెప్సిబమ్మా. ఏటీ ముట్టుకోనేదు. నువ్వొచ్చిందాకా ఆగినాను."

"మంచి పని చేశావు బాబాయ్. నిన్న జరిగింది గడియారంతో సహా చెప్పు."

"పది నలభైకి ఈ పిల్ల ఒచ్చింది, క్లబ్బు వాళ్ల కాయితం పట్టుకోని. ఏడో రీలు ఏసి చూపించమంది. ఏస్తే బొమ్మ పడతాది గానీ మాట రాదు, సౌండు దీపం మాడిపోనాది, శుక్రవారం కొత్తదొస్తాది, అప్పుడు రా అన్నాను. పదకొండు ఇరవై అయిదుకి ఎల్లిపోయింది. నాను తాళమేసి ఇంటికి పోయినాను. అన్నం తిని తొంగున్నాను."

"మళ్లీ తెరిచింది?"

"మూడున్నరకి. మూడు ఇరవై రెండుకి లోడు బండి ఎల్తాది కదా, అది ఎల్లిన్దాకా నాను ఈ గదిలోకి రాను. నేలంతా అదురుతాది, డబ్బాలు దించితే చేతిలోంచి జారతాయి. బండి ఎల్లింది, ఒచ్చినాను, డబ్బాలు లెక్కెట్టినాను. పద్నాలుగుకి పదమూడే ఉన్నాయి."

"దించాలని ఎందుకనుకున్నావు?"

"శనివారం స్కానింగుకి పంపాల గదా. తుడిచి పెడదామని."

హెప్సిబా గదిని ఎడమనుంచి కుడికి చూసింది. తాళం చెక్కుచెదరలేదు. కిటికీ ఊచలకు పాత సాలెగూళ్లు అలాగే ఉన్నాయి. వచ్చినవాడి దగ్గర తాళంచెవి ఉందని అర్థం. స్కానింగు ఏర్పాట్ల కోసం క్లబ్బు కార్యదర్శి రెండో తాళంచెవిని పదిరోజుల క్రితమే విశాఖలోని అప్పయ్య కంపెనీకి పంపాడని ఆమె ఉదయమే తెలుసుకుంది. ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"ఆరో డబ్బా తెరువు బాబాయ్."

జయరావు మూత తీశాడు. ఆయన పద్ధతి ఆమెకు తెలుసు: ఆట ముగిశాక రీళ్లను వెనక్కి చుట్టడు, మళ్లీ ఆట ఉన్న రోజునే చుడతాడు. అందువల్ల ప్రతి రీలుకూ చివరిభాగం పైచుట్టులోనే ఉంటుంది. ఆయన ఫిలిం కొసను పట్టుకుని దీపానికి ఎదురుగా పెట్టాడు. వెంటనే ముఖం మారిపోయింది.

"ఇది కొస కాదు. కోసీసినారు."

"ఎంత?"

"పదీ పదకొండు అడుగులు. భూతం గుహలోంచి బయటికొచ్చే ముక్క."

కోత రెండు బొమ్మల నడుమ గీతమీద, వెంట్రుకవాసి కూడా పక్కకు పోకుండా పడింది. దాని పక్కనున్న బొమ్మపై తెల్ల మైనపు పెన్సిలుతో ఇంటూ గుర్తు. హెప్సిబా భూతద్దం తీసి చూసి, గుర్తును కాగితం మీద అదే కొలతలో గీసుకుంది.

"ఈ పెన్సిలు నీదా?"

"నాకెందుకమ్మా అది? ఎడిటింగు గదుల్లోనోళ్లు కోసే ముందు అలాగ గుర్తెడతారు."

హెప్సిబా మాసే వైపు తిరిగింది. మాసే గోడకు ఆనుకోకుండా, చేతులు కట్టుకోకుండా, నిటారుగా నిలబడి ఉంది. రాత్రంతా థానాలో బల్లమీద కూర్చున్న మనిషిలా లేదు.

"నిన్న ఈ గదిలో నలభై అయిదు నిమిషాలున్నావు. మాట రాదని తెలిశాక ఏం చేశావు?"

"చూసిన. తాత ఈ ఆరో రీలు బయట చుట్టు ఇప్పి దీపానికి పట్టిండు. మా నాన్న ఉన్నడు. ఇంతంత బొమ్మలు, వేలి గోరంత. ఒకటే లెక్క ఉన్నయి, అయినా ఒక్కొక్కటి చూసిన."

గుహను కాచే భూతం వేషం వేసింది ఆమె తండ్రి కేసా, భేజ్జి దగ్గరి మనిషి. షూటింగు నుంచి జ్వరంతో ఇంటికి వచ్చాడు. మలేరియా తలకెక్కి, పదకొండు రోజులు ఒక్క మాటా పలకకుండా చనిపోయాడు. అప్పటికి మాసేకు రెండేళ్లు. ఇంట్లో ఆయన ఫొటో కూడా లేదు.

"మూరెడు ముక్క కోసిస్తాను, గుర్తుగా ఉంచుకో అన్నాను," జయరావు అందుకున్నాడు. "ఒద్దంది."

"ఎందుకొద్దన్నావు?"

"కోస్తే నాన్న నడక మధ్యల తెగుతది గదా," అంది మాసే. "నాకు ముక్కతోని పని లేదు దీదీ. ఆయన గొంతు వినాలె. అమ్మకు గూడ ఇప్పుడు యాదికి వస్తలేదట, ఎట్ల మాట్లాడేటోడో."

"ఆ సంగతి ఎవరికైనా రాశావా?"

"సినిమా కంపెనీకి రాసిన. నాలుగు నిమిషాలు కలిపి మళ్లా సినిమా వేస్తమని ఫోన్లల్ల పెట్టిండ్రు. అది చూసి రాసిన. మా నాన్న దోర్లీ మాట్లాడిండు, నాకు వస్తది, ఏం మాట్లాడిండో తెలుసుకుంట, మీకు గూడ రాసిస్త అని."

"ఎప్పుడు?"

"మూడు వారాలైతది."

హెప్సిబా ఆ తేదీ రాసుకుని, దాని కింద రెండుసార్లు గీత గీసింది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. పన్నెండు ముప్పై అయిదుకు సురేష్‌బాబు లోపలికి వచ్చాడు. అప్పయ్య కంపెనీ తరఫున విశాఖ నుంచి వచ్చిన పరిశోధకుడు, మాసే మీద ఫిర్యాదు రాసిచ్చినవాడు. ఇస్త్రీ చొక్కా, సన్నని నవ్వు.

"హెప్సిబాగారూ, ఇంకా గంటన్నర కూడా లేదు. ఆవిడ రీలు ఎవరికి అప్పగించిందో చెబితే సరిపోతుంది. కంపెనీ కేసు ఉపసంహరించుకుంటుంది. మేమేం రాక్షసులం కాదు."

"రీలు డబ్బాతో కలిపి ఏడు కిలోలు, సురేష్‌బాబుగారూ. వెడల్పు పదిహేను అంగుళాలు. బస్టాండులో ఈమె సంచీ సోదా చేసింది ఎవరు?"

"నేను," అంది పూనం. "జోలాల ఒక చీర, ఒక పుస్తకం, చింతపండు. అంతే."

"దారిలో చేతులు మారి ఉంటుంది. వీళ్లకు ఊరూరా మనుషులుంటారు," అన్నాడు సురేష్‌బాబు.

"వీళ్లకు అంటే ఎవలకు?" మాసే అడిగింది.

ఆయన ఆమె వైపు చూడలేదు. "మేడమ్, అనుమానితురాలిని అదుపులో పెట్టండి."

"ప్రశ్న అడిగింది, తప్పేముంది? జవాబు చెప్పండి, లేదా వదిలేయండి," అంది హెప్సిబా. "నేను అడిగేది వేరే. ఆరో రీలు చివర పదకొండడుగులు కోసిందెవరు? తండ్రి బొమ్మ కోయవద్దన్న పిల్ల, తిరిగొచ్చి, జయరావు బాబాయ్‌కే లేని పెన్సిలుతో గుర్తుపెట్టి, ఎడిటింగు బల్ల మీద కోసినంత శుభ్రంగా కోసిందంటారా? దాచుకోవాలనుకున్నవాడు రీలు తీసుకుపోతాడు. పక్క రీలులోకి కూడా వెళ్లి ఆ మనిషి నీడను సైతం తుడిచిపెట్టేవాడికి కావలసింది రీలు కాదు. ఆ మనిషి లేకపోవడం."

"బాగుంది. ఇది కోర్టు కాదు కాబట్టి చప్పట్లు కొట్టనా?"

"కాసేపాగి కొడుదురు గాని. రీలు పోయిందని మీకు ఎవరు చెప్పారు?"

"జయరావుగారే."

"నానా?" ముసలాయన తల ఎత్తాడు. "నాను మూడున్నరకి చూసి కార్యదర్శి గారికి చెప్పినాను. మీరెవరో అప్పటికి నాకు తెల్దు."

"కార్యదర్శి చెప్పి ఉంటాడు. వివరాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"రాసిపెట్టేవాళ్లు గుర్తుపెట్టుకుంటారు," అంది హెప్సిబా. సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "మీ ఫిర్యాదు నకలు. అందిన సమయం థానా ముద్ర పక్కనే ఉంది. చదవండి."

ఆయన చదవలేదు. పూనం మెడ చాచి చూసింది.

"దో పచాస్," అంది పూనం నెమ్మదిగా. "రెండు యాభై. నాకు యాదుంది. మూడుకు మమ్ముల బస్టాండుకు పంపిండ్రు. మూడు పదికి ఈమెను బస్సెక్కంగ ఆపినం."

"జయరావు బాబాయ్ తలుపు తెరిచింది మూడున్నరకు. లోడు బండి వెళ్లిన సమయం కావాలంటే రైల్వే కంట్రోల్లో రాసి ఉంటుంది. రీలు పోయిందని ఈ భూమ్మీద ఎవరికీ తెలియడానికి నలభై నిమిషాల ముందే మీరు ఫిర్యాదు రాసిచ్చారు. ఎందుకంత తొందర? మూడుంబావు బస్సు. అది ఎక్కితే ఈమె సుక్మా దారి పడుతుంది, మీకు దొంగ దొరకదు. అందుకని ఆగలేకపోయారు."

సురేష్‌బాబు నవ్వు పోలేదు గాని, ముఖంలో ఉండవలసిన చోటు తప్పింది.

"థానాలో రాసే మున్షీ తప్పు రాశాడు."

"మున్షీ ఒక్కడే కాదు, థానా జనరల్ డైరీ, జీపు బయలుదేరిన వేళ రాసే పుస్తకం కూడా తప్పేనా? పూనం, సాబ్‌కు ఫోను చేయి. డైరీ చూడమను. కార్యదర్శి రెండో తాళంచెవి ఎవరికి పంపాడో కూడా అడగమను."

పూనం ఫోనుతో గుమ్మం దగ్గరికి వెళ్లింది. అయిదు నిమిషాలు హిందీలో మాట్లాడి తిరిగొచ్చింది. "సాబ్ ఇట్ల అన్నడు: మాసే పేరు మీద కాగజ్ ఆపిండు. సురేష్‌బాబుగారు ఊరు వదలద్దు."

 మాసే ఉన్నచోటే నిలబడింది.

"రీలు రాలేదు గదా దీదీ."

"రాదు," అన్నాడు సురేష్‌బాబు. ఆయన గొంతులో మర్యాద తొలగింది. "ఎక్కడా దొరకదు. నాలుగు నిమిషాల పిచ్చికూతలకు ఇంత రభస. సరే, కేసు లేదు. ఇంటికి పొండి."

హెప్సిబా తన పుస్తకంలో రెండు గీతలు గీసిన చోట వేలు పెట్టింది. ముప్పై రెండేళ్లలో ఈ చిత్రాన్ని అడిగినవాళ్లు వేలమంది ఉంటారు. ఆ భాష తెలిసి, అర్థం రాసిస్తానని అడిగిన మొదటి మనిషి మాసే. ఆ ఉత్తరం చేరిన తర్వాతే సురేష్‌బాబు బయలుదేరాడు. కంపెనీ భయపడింది బొమ్మకు కాదు, మాటకు.

"బాబాయ్, భూతం చేత ఆ మాటలు ఎవరు చెప్పించారు?"

"ఎవులూ చెప్పించనేదు. నానక్కడే ఉన్నాను, తీసిన బొమ్మ ఏసి చూపించే మిషను పట్టుకోని అయిదు రోజులు. అర్థంకాని రాక్షస భాష గావాలని డైరెక్టరు కేసాతో అన్నాడు: మీ భాషలో నోటికొచ్చింది మాట్లాడరా, ఎవుడికీ తెల్దు అని. మద్రాసులో డబ్బింగు చెప్పేవోళ్లకి నోరు తిరక్క, అక్కడ పట్టిన గొంతే ఉంచీసినారు."

"ఆ మాటలు నీకు గుర్తున్నాయా?"

జయరావు అవమానం జరిగినట్టు చూశాడు. "గుర్తేటమ్మా. ఏడాదికోపాలి ఆట ఏస్తాం. హాలు హాలంతా భూతంతోపాటు అరుస్తాది. కాలనీలో పొట్టి పిల్లడిని లేపినా తప్పు లేకుండా చెప్తాడు."

మాసే కళ్లు పెద్దవయ్యాయి. "రైల్వే పిల్లలు... నేను హాస్టల్ల ఉన్నప్పుడు సంతల మా వెనుక పడి ఏందో అరుస్తుండె. మా భాషను వెక్కిరిస్తున్నరని చెవులు మూసుకునేటోళ్లం. ఒక్కనాడు సుత విన్లేదు."

"ఈ హాల్లోకి మీ వాళ్లను ఎన్నడూ రానివ్వలేదు," అంది హెప్సిబా. "వినగలిగినవాళ్లు బయట, అరిచేవాళ్లు లోపల. బాబాయ్, మొదలుపెట్టు. పూనం, ఫోను రికార్డులో పెట్టు. నీది ఏ ఊరు?"

"కోంటా అవతల. మేం భీ దోర్లాలమే."

"అయితే ఇద్దరు దుబాసీలున్నారు. ఒకరు తప్పు చెబితే రెండోవారు ఆపండి."

సురేష్‌బాబు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇది కంపెనీ ఆస్తి. అందులో మాటలు కూడా."

"రీలు ఎత్తుకుపోగలిగారు. కాలనీలో మూడువందల నోళ్లున్నాయి. ఒక్కొక్కటే ఎత్తుకుపోండి."

జయరావు ప్రొజెక్టరుకు వీపు పెట్టి నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, భూతంలా భుజాలు ఎగరేసి, మొదటి వాక్యం గడగడా చెప్పాడు. అలవాటు కొద్దీ, సినిమాలో వంటవాడు బొబ్బట్టు రాజకుమారుడికి చెప్పే తప్పుడు అనువాదం కూడా చేర్చాడు: "అన్నం ఉడికిందా అంటున్నాడు ప్రభూ!" హాలులో నవ్వు పేలే చోటు అది.

ఎవరూ నవ్వలేదు. పూనం ఫోను పట్టుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది.

"నిన్న వాన పడ్డది, వాగు పొంగింది," మాసే తెలుగులో చెప్పింది. "నీళ్లల్లకు దిగనని గంగా అన్నడు."

"గంగా ఎవరు?"

"మా నాన్నతోని పనికి పోయినోడు. పని నుంచి ఎటో పారిపోయిండని కంపెనీ వాళ్లు చెప్పిండ్రట."

జయరావు రెండో వాక్యం చెప్పాడు. ఈసారి భుజాలు ఎగరలేదు. "వాళ్ల అత్తగారు నీలాగే ఉంటుందట ప్రభూ," అని అలవాటుగా గొణిగి ఆగాడు.

"కుర్చీ దొర గంగాను తన్నిండు. తెప్ప మీదికెల్లి గంగా నీళ్లల్ల పడ్డడు. మొసలి బొమ్మ ఆయన మీద ఒరిగింది."

"ఆవిడ కల్పించి చెబుతోంది!" అన్నాడు సురేష్‌బాబు.

"సహీ బోల్ రహీ హై," అంది పూనం, ఆయన వైపు తిరగకుండానే. "అదే అన్నడు. ఒక్క మాట ఎక్కువ లేదు."

"కుర్చీ దొర ఎవరు బాబాయ్?"

"ఆ వాగు కాడ కుర్చీ ఒక్కటే ఉండీది," అన్నాడు జయరావు. "అప్పయ్యగారిది."

"తర్వాత."

మూడో వాక్యం పొడుగైనది. ఆయన దాన్ని ఒక్క అక్షరం కూడా మింగకుండా చెప్పాడు. బొబ్బట్టు మాట ఈసారి చేర్చలేదు.

"నేను బయటికి గుంజిన. గంగాకు ఊపిరి ఉన్నది. దవాఖానకు మోసుకపోత అన్న. దొర వద్దన్నడు. పోలీసులు వస్తరు, పని ఆగుతది అన్నడు. పొద్దు గూకేదాక ఊపిరి ఉన్నది. తర్వాత లేదు. నోరు తెరిస్తే నిన్ను గూడ ఇక్కడనే పెడత అన్నడు. ఊరికి పోనిస్తలేడు." మాసే పూనం చేతిలోని ఫోను వైపు తిరిగింది. "ఇదీ నాన్న గొంతు. ఇన్నాళ్లకు."

నాలుగో వాక్యం చిన్నది. జయరావు చెప్పాడు. మాసే పూనం వైపు చూసింది. పూనం నేల చూపులు చూసింది.

"చెప్పు," అంది హెప్సిబా.

సురేష్‌బాబు ఒక అడుగు ముందుకు వేశాడు. కోపం లేదు ఇప్పుడు. సానుభూతి వంటిది ఉంది. "జయరావుగారూ, ఇక్కడితో ఆపేయండి. తర్వాతి మాట మీ మంచికి కాదు. అప్పయ్యగారు నాకు అంతా చెప్పారు. మీరు మరిచిపోయానంటే ఎవరూ కాదనరు. ఈ వయసులో కోర్టు మెట్లెందుకు?"

"ఏటన్నాడు కేసా?" జయరావు మాసేను అడిగాడు.

ఆమె ఆయన కళ్లలోకే చూస్తూ చెప్పింది. "రైలు మనిషి ఒకడు గొడుగు పట్టుకోని నిలబడి చూసిండు. బతికే ఉన్నడు అన్నడు. దొర ఆయన దిక్కు చూసిండు. ఆయన మల్ల మాట్లాడలే."

లోడు ఎక్కిన బండి ఏదో యార్డులో కదిలింది. గది నేల సన్నగా అదిరింది. జయరావు బల్ల అంచు పట్టుకున్నాడు.

"గొడుగు నాదే," అన్నాడు.

బల్లను వదలకుండానే ఆయన చెప్పుకుపోయాడు.

"మర్నాడు పారిపోనాడు అని చెప్పినారు. నాను నమ్మీసినాను. నమ్మితే బాగుంటాదని నమ్మీసినాను. ఆ కేసా నా ఎదురుగానే నిలబడి ఇది చెప్పినాడు. నాను నవ్వినాను. ముప్పై రెండేళ్లు ఏడాదికోపాలి నా నోటితోనే అరిచి, హాలందరి చేతా అరిపించినాను."

"ఇంకా కొంచెం ఉంది గదూ బాబాయ్?" హెప్సిబా మృదువుగా అడిగింది, గాని వదలలేదు.

"ఆయన చెప్పక్కర్లేదు," అన్నాడు సురేష్‌బాబు. "సగం వాంగ్మూలాన్ని ఏ కోర్టూ నిలబెట్టదు. మిగిలింది చెప్పారా, మొదటి సాక్షి మీరే అవుతారు. రెండో ముద్దాయి కూడా. ఇప్పుడే ఫోను చేస్తే అప్పయ్యగారి మనుషులు గీదం ఊరు దాటకుండానే వెనక్కి తిరుగుతారు. చేయనా?"

అంటే ఆ మనుషులు అప్పటికే దారిలో ఉన్నారు. హెప్సిబా పూనం వైపు చూసింది. పూనం అప్పటికే తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

జయరావు బల్ల అంచు వదిలాడు.

"రానీ," అన్నాడు. "ఒచ్చి విననీ."

మిగిలిన రెండు వాక్యాలనూ ఆయన భూతం గొంతుతో కాక తన గొంతుతో చెప్పాడు, అర్థం తెలియని మాటలను జారవిడవకూడని వస్తువుల్లా ఒక్కొక్కటే కిందపెడుతూ.

"వాగు మలుపుల, రెండు ఇప్పచెట్ల నడుమ పూడ్చిండ్రు. తల పొద్దు పొడిచే దిక్కుకు లేదు, తప్పు దిక్కుకు పెట్టిండ్రు," మాసే చెప్పింది. చివరి వాక్యానికి ఆమె జయరావు వైపు తిరిగింది. "ఈ మాట వినేటోడా, నువ్వు ఎవలవైనా సరే, పోయి జోగేకు చెప్పు."

"జోగే..." అన్నాడు జయరావు.

"గంగా పెళ్లాం. మా ఇంటి పక్క ఇల్లే. పారిపోయినోని పెళ్లాం అంటరు ఆమెను. చచ్చిండని తెల్వదు గనుక పోయినోళ్లకు ఊరి బయట నిలిపే రాయి గంగాకు నిలపలే. ముప్పై రెండేళ్లు."

"బతికే ఉన్నాదా?"

"ఉన్నది."

జయరావు గోడకు తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని, మళ్లీ సరిచేసుకున్నాడు. మాసే సాయానికి రాలేదు, ఆయన అడగలేదు.

"నన్ను తీసుకెల్లు," అన్నాడు. "నువ్వు పక్కనుండి ఏటీ చెప్పక్కర్లేదు. ఇవే మాటలు నాను చెప్తాను. నాకు తెల్దు గానీ, ఆవిడకి తెలుస్తాది."